బల్ల మీద కాలు

గిటారుకు తీగలు లేవు.

గురువారం పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపేసి, తాను నడిపే పసుపు రంగు బడి బస్సును అలాగే రోడ్డు వారన నిలిపి లొరీతా తన నాన్న ఇంటి వంటింట్లోకి వచ్చేసరికి, టేబుల్ మీద బోసిగా పడి ఉంది గిటారు. ఆరు తీగలూ చుట్టలు చుట్టి ఖాళీ కాఫీ డబ్బాలో పడేసి ఉన్నాయి. హోసియా టీగ్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, పెరట్లో మేకల్ని కాల్చడానికి గొయ్యి తవ్వుతున్న మనుషుల్ని చూస్తున్నాడు.

"ఎప్పుడు విప్పాడు?" అని అత్తను అడిగింది లొరీతా.

"నన్నడిగితే నేనేం చెప్పను. లేచేసరికే ఇంత పనీ అయింది," అంది వెర్నెల్, మొక్కజొన్న రొట్టెను పెనంలోంచి తీస్తూ. హోసియాకు చెల్లెలావిడ. డెబ్భై నిండాయి, ఇంట్లో అందరి మీదా అజమాయిషీ ఆవిడదే. "ఆదివారం నుంచి మీ నాన్న నాతో మూడు మాటలు మాట్లాడాడు. ఉప్పు. చాలు. పో."

ఎల్లుండి టీగ్‌ల పిక్నిక్. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం, ఇదే పెరట్లో. ఇది యాభయ్యోది. మెంఫిస్ నగరం నుంచి హాస్కెల్ అనే ఆయన మిషన్లు వేసుకుని వస్తున్నాడు, టీగ్ కుటుంబం పాటను రికార్డు చేయడానికి. ఇన్నేళ్ళలో అలా అడిగినవాళ్ళు లేకపోలేదు. హోసియా అందరికీ కాఫీ ఇచ్చి పంపేశాడు. డెబ్భై ఆరో ఏట, ఈసారే సరే అన్నాడు. మన పెరట్లో, మన మనుషుల మధ్య, మనం వాయించేది వాయించినట్టు ఎక్కించుకుంటేనే అన్నాడు. ఆ మాటకు లొరీతా వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆదివారం దాకా అంతా బాగానే ఉంది. ఆదివారం సాయంత్రం హాస్కెల్ వచ్చి వసారాలో కూర్చున్నాడు, ఒకసారి విని పోదామని. హోసియా పాట ఎత్తుకోబోతుంటే వెనక నుంచి కొడుకు డోర్సీ డ్రమ్ముకర్రలు ఒకదానికొకటి కొట్టి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అన్నాడు. పైకి, పరాయివాడి ముందు.

టీగ్‌ల ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. హోసియా కుర్చీ ముందు నేల మీద ఒక బల్ల, ఒట్టి చెక్క పలక, పరిచి ఉంటుంది. ఆయన కుడి మడమ దాని మీద పడితే పాట మొదలైనట్టు. ఆలస్యంగా పడితే పాట ఆలస్యమైనట్టు, అంతే. పదకొండో దెబ్బకు పాట మలుపు తిరిగితే అందరూ పదకొండుకే తిరుగుతారు, పదమూడుకైతే పదమూడుకే. ప్రతిసారీ ఒకే లెక్కకు తిరగాలని, సంగీతం చదువుకున్నవాళ్ళు అది తప్పంటారు. అనుకోనివ్వండి. ఆ తప్పుకే మూడు జిల్లాల జనం యాభై ఏళ్ళుగా చెప్పులరిగేలా ఆడుతున్నారు.

ఆ బల్ల లొరీతా తాతది. దొర పొలం వదిలి బయటపడిన రోజున ఆయన చేతుల్లో ఏమీ లేదు. ఇల్లు దొరది, మంచం దొరది, కోళ్ళూ దొరవే. వసారాలో తాను ముప్పై ఏళ్ళు కాలేసి పాడిన పలక మాత్రం నాదని, గునపంతో పెకలించి భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. ఆ సెప్టెంబరులోనే మొదటి పిక్నిక్. ఆయన తర్వాత బల్ల హోసియాకు వచ్చింది. దానికి ఒక్కటే నియమం. బల్ల మీద కాలున్న మనిషి వెనక్కి తిరిగి చూడకూడదు. వెనకవాళ్ళు వస్తున్నారా లేదా అన్న అనుమానమే రాకూడదు.

ఆదివారం ఆ "నాలుగు" విని హోసియా గిటారు ఒడిలోంచి తీసి గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఇదే వరస.

"నాన్నా," అంది లొరీతా. "నన్ను తిట్టు. పోనీ డోర్సీని తిట్టు. ఆ తీగలేం చేశాయి నిన్ను?"

హోసియా లేచి, వట్టికాళ్ళతో పొయ్యి దాకా నడిచి, కాఫీ పోసుకుని, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు చూసింది ఆమె. కుర్చీ నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి కుర్చీ దాకా, తెల్లటి నేల మీద అడుగు తప్పి అడుగుకు ఒక ఎర్ర మచ్చ.

ముందు అత్త గరిటెలోంచి పులుసేదో ఒలికిందనుకుంది. తర్వాత వంగి చూసింది. తీగలు విప్పేటప్పుడు కొసలు కత్తిరించి కింద పడేసినట్టున్నాడు. గోరంత ఇనప ముక్క ఒకటి కుడి మడమలో సగానికి దిగబడి ఉంది.

"నాన్నా, కాలు."

"ఏ కాలు?" అన్నాడు హోసియా.

లొరీతా మోకాళ్ళ మీద కూర్చుని, మడమ ఒళ్ళో పెట్టుకుని, ముక్క పట్టి లాగింది. బాగా లోతుగానే ఉంది. పైన ఆయన కాఫీ తాగుతూనే ఉన్నాడు. కప్పు తొణకలేదు.

వెర్నెల్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎన్నాళ్ళైందన్నయ్యా?"

"ఏమెన్నాళ్ళు."

"నా దగ్గరా దాచేది? మా ఆయన కాలు నా కళ్ళ ముందే పోయింది. షుగరు మొదట ఇలాగే చేస్తుంది. కింద నేలున్నట్టు తెలియదు. తర్వాత వేలు పోతుంది, తర్వాత పాదం."

హోసియా కిటికీలోంచి బయటికి చూశాడు. గొయ్యి దగ్గర ఎవరో జోకు వేశారు, అందరూ నవ్వుతున్నారు.

"మొక్కజొన్న నాటినప్పట్నుంచి," అన్నాడు చివరికి.

అంటే అయిదు నెలలు. లొరీతా తలవంచి గుడ్డతో మడమ తుడుస్తూ కూర్చుంది. ఆమెకు ఏడుపు రావాల్సింది. నాన్న కాలు పోతుందేమో అని గుండె జారిపోవాల్సింది. అవన్నీ వచ్చాయి, కానీ రెండోసారికి వచ్చాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది ఒక్కటే ఆలోచన: అయితే బల్ల ఎవరిది?

పదహారో ఏట బేస్ గిటారు మెడలో వేసుకుని నాన్న పక్కన నిలబడిన నాటి నుంచి ఆమె కోరుకున్నది ఆ బల్లనే. ఇరవై ఏడేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. కట్టుకున్నవాడితోనూ అనలేదు, అతను వదిలేసి పోయేటప్పుడూ అనలేదు. ఇప్పుడు నాన్న నెత్తురు వేళ్ళకు అంటుకుని ఉండగా ఆ కోరిక తలెత్తేసరికి, లొరీతాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

డోర్సీ గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడు. రోడ్డు మలుపులో రేకుల షెడ్డు. లొరీతా వెళ్ళేసరికి ఒక మిషను పొట్ట విప్పి కూర్చున్నాడు.

"అన్నయ్యా, నీకు తెలుసా?"

"ఏది?"

"నాన్న కాలు సంగతి."

డోర్సీ స్పానరు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రమయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఈస్టర్ అయ్యాక హోలీ స్ప్రింగ్స్‌లో వాయించాం చూడు," అన్నాడు. "మూడో పాటలో ఆయన మడమ గాల్లోనే ఉండిపోయింది. కొట్టాననుకున్నాడు. కొట్టలేదు. ఆ దెబ్బ నా కాలి డ్రమ్ముతో నేను కొట్టేశా. ఎవడికీ తెలియలేదు. అప్పట్నుంచి అదే పని నాకు. ఆయన వదిలేసినవి నేను ఏరుకుంటున్నా."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

లొరీతా నేల మీద పడి ఉన్న బోల్టును కాలితో పక్కకు నెట్టింది.

"జూన్ నుంచి నువ్వు నాన్న కాలు చూడట్లేదు," అన్నాడు డోర్సీ. "ఆయన భుజం చూసి వాయిస్తున్నావు. వెనక కూర్చున్నవాడికి అన్నీ కనిపిస్తాయమ్మా."

నిజమే. కాలు నమ్మదగ్గట్టు లేదని చేతులకు తెలిసిపోయింది, చేతులు భుజానికి మారిపోయాయి, మనసు మాత్రం తెలియనట్టు నటించింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ నెలల తరబడి ఒకే దొంగతనం చేస్తున్నారు, ఒకరికొకరు చెప్పుకోకుండా.

"సరే. కానీ లెక్కపెట్టడమేంటి, అదీ ఆ హాస్కెల్ ముందు?"

"ఆయన ముందనే. నాన్న మడమ రెండుసార్లు ఎత్తి రెండుసార్లూ దించలేదు. ఆ మనిషి చూస్తున్నాడు. ముసలాడి పని అయిపోయిందనుకుంటాడని భయమేసింది నాకు. పరువు కాపాడదామనుకున్నా."

"బాగా కాపాడావులే. తీగలు కాఫీ డబ్బాలో ఉన్నాయి."

డోర్సీ ముఖం చిన్నబోయింది. తర్వాత అతను అనాల్సిన మాట అననే అన్నాడు.

"ఎప్పటికైనా బల్ల నాకు రావాల్సిందే కదా. పెద్దవాణ్ణి. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు. మా అబ్బాయి టెరెల్‌ను డ్రమ్ముల మీద కూర్చోబెడతా. శనివారం నుంచే అయితే పోలా."

"నీ రెండు కాళ్ళూ ముప్పై ఏళ్ళుగా పెడళ్ళ మీదే ఉన్నాయి. డ్రమ్ములు దిగితే నువ్వు నడవగలవా అని నాకు అనుమానం."

"మరి నీ కాలెక్కడుంది? బస్సు బ్రేకు మీద."

"ఉంది. పొద్దునా సాయంత్రం అరవై మంది పిల్లలు ఆ కాలిని నమ్ముకునే కూర్చుంటారు. ఒక్కరోజు నువ్వు మోసిపెట్టు వాళ్ళని, చూద్దాం."

డోర్సీ నవ్వబోయి ఆగాడు. చెల్లెలి ముఖం చూశాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆమె వీపే చూస్తూ వాయించినవాడు, ఇప్పుడు ముఖం చూసి అర్థం చేసుకున్నాడు.

"నీకు బల్ల కావాలా, లొరీతా?" అన్నాడు మెల్లగా.

ఆమె బస్సు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"తాత ఆడపిల్లకివ్వడానికి మోసుకొచ్చాడంటావా దాన్ని?"

"తాత ఎవరికివ్వడానికి మోసుకొచ్చాడో నీతో చెప్పి మోసుకొచ్చాడా?" అంది లొరీతా. అని బస్సెక్కి పోయింది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి కాలికి కట్టు పడింది. పక్కనున్న సెనటోబియా ఊళ్ళో డాక్టరు మడమ అటూఇటూ తిప్పి చూసి, మందులు రాసి, నెలరోజులు ఆ కాలు గట్టిగా నేలకు తగలనివ్వొద్దన్నాడు. "వింటాడా అండీ ఈయన," అని వెర్నెల్ డాక్టరుతోనే అనేసింది.

ఇంటికొచ్చాక ఆవిడ పులుసు కలుపుకోవడానికి పెరట్లోకి పోయింది. రేపు కాల్చే మేకలకు పూసే ఆ పులుసులో ఏం వేస్తుందో ఇంటివాళ్ళకు కూడా చెప్పదు. వసారాలో తండ్రీకూతుళ్ళు మిగిలారు. కట్టు కట్టిన కాలు పీట మీద ఉంది, బల్ల గోడకు ఆనించి ఉంది.

"హాస్కెల్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పనా?" అంది లొరీతా.

"ఎందుకు?"

"తీగలు లేని గిటారుతో ఏం రికార్డు చేసుకుంటాడు ఆయన?"

హోసియా పీట మీది కాలు సర్దుకున్నాడు. ఇక ఏమీ అనడనుకుంది లొరీతా, లేవబోయింది.

"నా కాలు సంగతి నాకు తెలుసు," అన్నాడు. "పెట్టాననుకుంటా, పెట్టలేదనీ తెలుసు. ఒక్కోసారి రెండుసార్లు పెడతాననీ తెలుసు. వాడు నా వెనక కొడుతున్నాడని ఏప్రిల్‌లోనే విన్నాను. నువ్వు నా భుజం మీదికి పోయావనీ విన్నాను. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, చెవులు పోలేదు నాకు."

"మరి అనకపోయావా నాన్నా?"

"ఏమనాలి? మా నాన్నకు ఆఖర్లో గుండె ఆయాసం. ఊపిరందక పాట మధ్యలో కాలు ఆగిపోయేది. ఆయన ఆగితే నేనూ ఆగేవాణ్ణి. ఆయన లేస్తే లేచేవాణ్ణి. జనం ఆ ఆగడానికి కూడా ఆడేవాళ్ళు. ఆయన పోయేనాటికి ఆయాసం పాటలో భాగమైపోయింది, ఇప్పుడు ఆ పాటల్ని నువ్వు అలాగే వాయిస్తున్నావు, అది జబ్బని నీకు తెలుసా?"

లొరీతాకు తెలియదు. ఆ ఆగుళ్ళంటే ఆమెకు ప్రాణం. చిన్నప్పుడు వాటి కోసమే మేలుకుని ఉండేది.

"మా నాన్నను నేను ఒంటరిగా ఆగనివ్వలేదు," అన్నాడు హోసియా. "నేను తడబడితే మీరు నాతో తడబడలేదు. తప్పు దిద్దేశారు. లెక్కపెట్టినందుక్కాదు నాకు కోపం. వాడెవడో చూస్తున్నాడని, మీ నాన్నను చూసి మీరు సిగ్గుపడ్డారు."

తెర తలుపు కిర్రుమంది. డోర్సీ ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"నాన్నా, తప్పయింది," అన్నాడు.

"ఆ మనిషి ముందు నన్ను ముసలాణ్ణి చేశావు."

"నువ్వు ముసలాడివే నాన్నా."

పెరట్లోంచి వెర్నెల్ కిసుక్కున నవ్వింది, ఆవిడ చెవులు ఎప్పుడూ ఇటే ఉంటాయి. హోసియా మూతి బిగించుకున్నాడు, బిగించుకున్నాడు, ఇక వల్ల కాక నవ్వేశాడు. అయిదు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

"ఆ కాఫీ డబ్బా ఇటు పట్రా," అన్నాడు కూతురితో.

ఆమె తీగలు మళ్ళీ వేసింది, ఆయన శ్రుతి చేసుకున్నాడు. డోర్సీ మెట్ల మీద కూర్చుని తీగల ముక్కలన్నీ నేల మీద నుంచి ఒక్కొక్కటీ ఏరాడు. రేపు బల్ల మీద ఎవరి కాలో అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

*

శనివారం మూడు గంటలకే రోడ్డుకు అటూ ఇటూ మైలు దూరం ట్రక్కులు నిలిచిపోయాయి. షికాగో నుంచి, డెట్రాయిట్ నుంచి కూడా వచ్చారు జనం. వెర్నెల్ గొయ్యి దగ్గర నిలబడి మేకమాంసం రొట్టెముక్కల మధ్య పెట్టి ఇస్తూ, రెండోసారి వచ్చినవాళ్ళను పేరుపెట్టి తిడుతోంది. తిట్టినవాళ్ళకే పెద్ద ముక్క వేస్తోంది.

హాస్కెల్ మైకులు పెట్టి, వైర్లు లాగి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విని, బల్ల దగ్గరికి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. మంచివాడే పాపం.

"టీగ్ గారూ, ఈ చప్పుడు అన్ని మైకుల్లోకీ వచ్చేస్తోందండీ. బల్ల కింద ఒక దుప్పటి వేద్దామా?"

"దుప్పటి నీ మిషను మీద కప్పుకో నాయనా," అన్నాడు హోసియా.

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. హాస్కెల్ కూడా నవ్వి, తన వ్యాన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

హోసియా కట్టు మీదనే చర్చికి వేసుకునే బూటు తొడుక్కున్నాడు. వెర్నెల్ దూరం నుంచే చూసి ముఖం తిప్పుకుంది. ఆయన కూర్చున్నాడు. కుడి మడమ లేచింది.

పడలేదు.

గాల్లోనే ఉంది. లొరీతా చూపు అలవాటుగా భుజం మీదికి పోబోయింది. బలవంతాన కిందికి దించి, బూటు మీదే నిలిపింది. వెనక డోర్సీ ఊపిరి ఆమెకు వినిపిస్తోంది. కొట్టకు, అని మనసులోనే అనుకుంది. కొట్టకన్నయ్యా. డోర్సీ కొట్టలేదు. మూడు వందల మంది జనం, ఒక ముసలి కాలు, గాలి.

పడింది. ముగ్గురూ కలిసి పాటలో పడ్డారు.

ఆ తర్వాత జరిగింది లొరీతా ఎన్నడూ ఎరగనిది. మడమ ఒకచోట ఆగింది, ముగ్గురూ ఆగారు. ఒకచోట రెండుసార్లు దబదబా పడింది, రెండుసార్లూ ముగ్గురూ పడ్డారు. పాత పాటే, ఆమె వెయ్యిసార్లు వాయించిన పాటే, కానీ ఎక్కడ మెట్టుందో ఎక్కడ లేదో తెలియని చీకటి మెట్లు దిగుతున్నట్టు ఉంది. జనం ముందు కాస్త తికమకపడ్డారు. తర్వాత ఒక ముసలావిడ నవ్వుతూ ఆ ఆగిన చోట ఒక కాలెత్తి నిలబడిపోయింది. ఆవిడను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి పదిమంది. రెండో చరణానికల్లా పెరడంతా ఒంటికాలి మీద ఆగి, మడమ పడగానే కిందికి దిగుతోంది. దుమ్ము నడుముల దాకా లేచింది. ఇది మా నాన్న కాలు, అనుకుంది లొరీతా. షుగరు వచ్చిన కాలు, నేల తెలియని కాలు. చూసుకోండి, మా ఇంటి కాలు. గర్వంగా బేస్ తీగను ఇంకాస్త గట్టిగా మీటింది.

వ్యాన్ దగ్గర హాస్కెల్ చెవులకు పెట్టుకున్నవి తీసేసి, ఊరికే నోరు తెరుచుకుని వింటున్నాడు. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది.

రెండో పాట సగంలో ఉండగా హోసియా కాలు బల్ల మీద నుంచి తీసేశాడు.

తడబాటు కాదది. తీసి పక్కన పెట్టాడు, మట్టి మీద. గిటారు వాయిస్తూనే ఉన్నాడు. లొరీతా చూసేసరికి బూటు పైన, కట్టు అంచున, ఎర్రగా తడి కనిపించింది. ఆయనకు నొప్పి తెలియదు, తడి తెలిసి ఉంటుంది. ఆయన కిందికి చూసుకోలేదు. ఎడమకాలు చాపి, బల్లను నెమ్మదిగా నెట్టాడు. మట్టి మీద గీసుకుంటూ వచ్చి, అది లొరీతా బూట్ల ముందు ఆగింది.

ఆమె బేస్ ఆగలేదు కానీ, ఏం వాయిస్తోందో ఆమెకు తెలియడం లేదు. నాన్న వైపు చూసింది. హోసియా ఆమెను చూడటం లేదు. ఆమె కాలినే చూస్తున్నాడు, ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఆయన కాలును చూసినట్టు.

అప్పుడు వెనక డ్రమ్ములు ఆగిపోయాయి.

కొత్త కాలు కోసం డోర్సీ ఆగాడా, ఈ కాలు వెంట రానని ఆపేశాడా? పెద్దవాణ్ణి అన్నవాడి ముఖం ఇప్పుడెలా ఉందో ఒక్కసారి తిరిగి చూస్తే తెలిసిపోతుంది. మెడ తిప్పితే చాలు. వెర్నెల్ గరిటె పట్టుకుని గొయ్యి వదిలి ముందుకు వచ్చేసింది. ఆవిడ చూపు లొరీతా భుజం మీదుగా వెనక్కి, డోర్సీ మీద ఉంది. ఆ కళ్ళలో ఏముందో లొరీతా చదవదలుచుకోలేదు.

తాత భుజాన మోసుకొచ్చిన పలక. నడుమ ఒక చోట చెక్క అరిగి గుంట పడి ఉంది, రెండు తరాల మడమల కింద. ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. తన కాలికి ఆ గుంట పెద్దది.

లొరీతా కుడికాలు ఎత్తి బల్ల మీద పెట్టింది. మడమ లేపింది. లెక్కపెట్టలేదు.

దించింది. బల్ల పలికింది, పెరటి చివరిదాకా.

వెనక డ్రమ్ము పలకలేదు.

నాన్న గిటారు ఆ దెబ్బ మీదికి వచ్చి నిలబడింది. జనం కాళ్ళు ఎత్తి ఉన్నాయి. ఇంకా కింద పెట్టలేదు ఎవరూ. వెనక డోర్సీ కుర్చీ కిర్రుమంది. లేచాడో, ముందుకు జరిగి కూర్చున్నాడో తెలియలేదు.

లొరీతా తిరిగి చూడలేదు. మడమ మళ్ళీ ఎత్తింది.